నాలుగు వేళ్ల దూరం

పోయిన వారం దోమ అనే ఊరి నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. నా పాడ్‌కాస్ట్ వింటుందట, తనూ ఒకటి మొదలుపెడుతుందట, తక్కువ ధరలో మంచి మైకు ఏదో చెప్పమంది. ఇలాంటి ఫోన్లు నెలకు నాలుగైనా వస్తాయి. మామూలుగా రెండు ముక్కల్లో చెప్పి పెట్టేస్తాను. నాకు ఓపిక తక్కువని మా ఇంట్లో గోడలకు కూడా తెలుసు. ఆ రోజు మాత్రం నా నోటి నుంచి నాది కాని మాట వచ్చింది. "ముందుగాల మీ ఇంట్ల ఏమేం సప్పుడైతదో చెప్పు" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వి, వెనక బర్రెలున్నాయని, పక్కన పిండిగిర్ని ఉందని, రోడ్డు మీద ట్రాక్టర్లు పోతుంటాయని వరసగా చెప్పుకొచ్చింది. వింటూ వింటూ కుడిచేతి నాలుగు వేళ్లు నా నోటికి అడ్డంగా పెట్టుకుని కూర్చున్న సంగతి ఆలస్యంగా గమనించాను. ఆ ప్రశ్నా, ఆ వేళ్లూ తాండూరు మైక్‌సెట్ కాకావి. ఆయన పోయి ఎనిమిది నెలలైంది.

ఆయన నాకు చుట్టం కాడు. మాది వికారాబాదులో కిరాణా దుకాణం నడిపే ఇల్లు. ముసలివాళ్ల పాత ముచ్చట్లు రికార్డు చేసి నలుగురికీ వినిపించాలన్న పిచ్చి ఒకటి నాకు పట్టింది. ఇంటర్నెట్‌లో ఎవరో తెగ పొగిడితే ఒక కండెన్సర్ మైకు తెప్పించుకున్నాను. అది నా గొంతునూ, పక్కింటి కుక్కర్ విజిళ్లనూ, రైలుగేటు గంటనూ, మా మామగారి తుమ్ములనూ ఏ పక్షపాతమూ లేకుండా ఒక్కలాగే రికార్డు చేసింది. మా దుకాణానికి సరుకు తెచ్చే ఆటో ఆయన నా గోడు విని, "తాండూర్ల ఒకాయన ఉన్నడమ్మా. మనిషిని సూసి మైకిస్తడు" అన్నాడు. మర్నాడే రైలెక్కాను.

సందులో చిన్న దుకాణం. వెనక పెద్ద పెద్ద హారన్లు, ఆంప్లిఫయర్లు. ముందు అద్దాల బీరువాలో కొత్తరకం మైకులు. అన్నిటి మీదా బండలు కోసే మిషన్ల నుంచి వచ్చిన తెల్లటి దుమ్ము. తాండూరులో ఆ దుమ్ము లేని వస్తువు లేదు. అరవై దగ్గరపడ్డ మనిషి, బుగ్గలో ఒక లవంగం పెట్టుకుని, బట్టముక్కతో మైకుల మూతులు తుడుస్తూ కూర్చున్నాడు. నేను తెచ్చిన మైకు పెట్టె తెరిచి చూసి నవ్వాడు.

"గిది మంచిదే బిడ్డా. స్టూడియోల పెడితె దీన్ని మించింది లేదు. మీ ఇంట్ల పెడితె మాత్రం మీ గల్లీ కుక్క గూడ ముచ్చట చెప్తది. ఏమేం సప్పుడైతదో చెప్పు."

చెప్పాను. గేటు గంట దగ్గర ఆపి, ఎంతసేపు మోగుతుందో, గది కిటికీ ఎటువైపో కూడా అడిగాడు.

"నీకు డైనమిక్ మైకు గావాలె. దానికి జర చెవుడు. నోటి ముందటిది ఇంటది, ఎనకది ఇనదు. కాకపోతె బద్ధకం మైకు. నువ్వే దగ్గరికి రావాలె, ఒక చిన్న డబ్బా తగిలించి సౌండ్ పెంచుకోవాలె. గంతే, పెద్ద ఖర్చు గాదు."

బీరువాలోంచి మూడు మైకులు తీసి బల్ల మీద పెట్టాడు. మూడింటి మీదా కంపెనీ పేరుండే చోట నల్లటి టేపు అంటించి ఉంది. పేరు చూస్తే చెవి పనిచేయదని ఆయన నమ్మకం. గోడవైపు తిరిగి, ఒక్కో మైకులో ఒక్కో నిమిషం, పొద్దున ఏం వండానో చెప్పమన్నాడు. చిక్కుడుకాయ కూర గురించి మూడుసార్లు చెప్పి, హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. మొదటి మైకులో నా గొంతు రేడియోలో చదివేవాళ్ల గొంతులా నిండుగా ఉంది. అదే కావాలన్నాను.

"అది నిన్ను పొగుడుతున్నది" అన్నాడాయన. "నువ్వు రోజు పొగిడించుకుంటవ్, ఇనేటోళ్లకు తలకాయ నొస్తది. నడుమది తీస్కో. దానికి మొకమాటం తెల్వదు. మిగిలిన పైసలకు గట్టి స్టాండు, నోటిగాలి ఆపే స్పాంజి కొనుక్కో."

నాకు చిర్రెత్తింది. నా డబ్బుతో నేను కొనుక్కునేదానికి ఈయన పెత్తనమేమిటనిపించింది. ఆయన అదేమీ పట్టించుకోకుండా మైకుకూ నా మూతికీ మధ్య తన నాలుగు వేళ్లు అడ్డంగా పెట్టాడు. "గిదే దూరం. గింతకు తక్కువైతె బొంగురొస్తది. ఎక్కువైతె గల్లీ వస్తది."

తర్వాత తను ఎలా పరీక్షిస్తాడో చూపించాడు. అందరిలా హలో హలో అని ఊదడు. "పుట్నాలు, పల్లీలు, పెసర్లు. సున్నం, సీసా, శనిగలు." అంతే. మొదటి మూడింటికి నోటిగాలి మైకును కొడుతుందో లేదో తెలుస్తుంది, తర్వాతి మూడింటికి ఈలలా కూస్తుందో లేదో తెలుస్తుంది. నాకు మాత్రం ఆ ఆరు మాటల్లో వినబడింది ఆయన గొంతే. అలాంటి గొంతు నేనంతవరకూ వినలేదు. లోతైన బావిలో చేద నింపుకుని పైకి వస్తున్నట్టు, తొణక్కుండా.

ఆ గొంతు తాండూరు మొత్తానికీ తెలుసు. నీళ్లు రావని చెప్పాలన్నా, బర్రె తప్పిపోయిందని చెప్పాలన్నా ఆయన మాట రికార్డు చేసి ఆటోకు హారన్ కట్టి తిప్పేవారు. సరిహద్దు ఊళ్ల కోసం కన్నడంలో కూడా ఆయనే చెప్పేవాడు. కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీకి పోయేవాళ్లు బస్టాండులో ఆ గొంతు వినబడితే మాటలాపి చెవి పెట్టేవారట. ఎందుకంటే చావు కబుర్లు కూడా ఆయనే చెప్పేవాడు. ఫలానా ఆయన కాలం చేశారు, ఇన్ని గంటలకు అంతిమయాత్ర అని. పోయినవాళ్ల పేరు పలికేముందు ఒక గుక్క నీళ్లు తాగేవాడు. చెప్పడం అయ్యాక మైకు ఆపేవాడు కాదు. వెంటనే "పుట్నాలు, పల్లీలు, పెసర్లు" అని మొదలుపెట్టి శనిగల దాకా చెప్పి, అప్పుడు ఆపేవాడు. ఆ చివరి ముక్క కోసేసి మిగతాది ఆటోకిచ్చేవాడు.

ఎందుకు కాకా అంటే, "మైకు ఆఖరుగ ఇన్న మాట సావు కావొద్దు బిడ్డా. గట్ల వదిలేస్తె మల్ల గదే అడుగుతది" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆయన ముచ్చట్లు రికార్డు చేయాలని నేనే వెంటపడ్డాను. ముందు వద్దన్నాడు, చెవినిల్లు కట్టుకుని పోరితే ఒప్పుకున్నాడు. బండల పాలిష్ మిషన్లు ఆగే ఆదివారం పూట, దుకాణం వెనకే ఉన్న వాళ్లింట్లో కూర్చునేవాళ్లం. ఆయన భార్యను నేను చిన్నమ్మ అనేదాన్ని. ఆమె అల్లం వేసిన చాయ్ ఇచ్చి, గడప అవతల కూర్చుని వినేది. మొదలుపెట్టేముందు ప్రతిసారీ నాలుగు వేళ్లు, ఆరు మాటలు. నాలుగో ఆదివారమో ఐదోదో, ఆ ఆరు మాటలయ్యాక ఆయన హెడ్‌ఫోన్ తీసి మైకును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీ మైకుల ఏందో గరగరమంటున్నది. నీకు ఇనబడ్డదా?"

వినబడింది. సన్నగా, మాట చివర, కాగితం మీద ఇసుక జారినట్టు. నేను కొన్న ఆ నడుమ మైకునే ఆయన పెట్టెలో పెట్టి హైదరాబాదులో సరుకిచ్చే సేటుకు వాపసు పంపాడు. రెండోది తెప్పించాడు. అందులోనూ గరగర. వైరు మార్చాడు, డబ్బా మార్చాడు, ఫ్యాన్ ఆపించాడు, వంటింట్లో ఫ్రిజ్ వైరు పీకించాడు. రెండోదీ వాపసు పోయింది. మూడోది వచ్చింది. గరగర తగ్గలేదు. సేటు ఫోన్‌లో గట్టిగా అరుస్తుంటే ఈయన చెవికి దూరంగా పట్టుకుని కూర్చోవడం చూశాను. "ఈ మజ్జెన మాల్ అంత ఖరాబొస్తున్నది" అన్నాడు నాతో. ముప్ఫై ఏళ్లుగా ఏ మైకులో ఏ తీగ తెగిందో చెవితోనే చెప్పిన మనిషి. ఆయన మాట నమ్మకపోవడానికి నేనెవరిని?

"నువ్వు ఇంటికి తీస్కపోయి సూడు బిడ్డా" అని మూడోది నా చేతికిచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం మా ఇంట్లో మైకు పెట్టి నేను మాట్లాడాను. గరగర లేదు. మా అత్తగారిని పిలిచి మాట్లాడించాను. లేదు. దుకాణంలోకి వచ్చిన ఆటో ఆయనతో కూడా పుట్నాలు, పల్లీలు అనిపించాను. అద్దంలా ఉంది. అప్పుడు కంప్యూటర్ తెరిచి, ఇన్ని ఆదివారాల కాకా ఆరు మాటలూ కోసి, ఒకదాని వెనక ఒకటి పేర్చి విన్నాను. మొదటి దానిలో ఏమీ లేదు. చివరిదానికి వచ్చేసరికి 'సీసా' అన్న మాట రెండుగా చీలిపోతోంది. మూడు మైకులు మారాయి. మారనిది గొంతొక్కటే. 

ఇక్కడ నేను చేసింది ఉన్నదున్నట్టు చెప్పాలి. నాకు భయం వేసింది. ఆయన బతుకే ఆ గొంతు, నా నోటితో ఎలా చెప్పాలనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆయన ఎపిసోడ్ అప్పటికే పదిమంది విని బాగుందన్నారు, మిగతావి ఆగిపోతాయేమోనని నాకు బెంగ. ఆ పూటంతా కూర్చుని ఆయన గొంతులోంచి ఆ గరగరను తీసేశాను. దానికి కంప్యూటర్‌లో మీటలుంటాయి. ఇంత తగ్గించి, అంత పెంచితే పోతుంది. తర్వాతి ఆదివారం తాండూరు పోయి, "స్పాంజి మార్చిన కాకా, గరగర పోయింది. మైకు మంచిదే" అని చెప్పి, ఆ సాఫు చేసిన ముక్క వినిపించాను.

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ విన్నాడు. "మంచిగుంది" అన్నాడు. "నా ఫోన్ల గూడ వెయ్యి."

అలా రెండు నెలలు గడిచాయి. రెండు నెలలూ ప్రతి ఆదివారం నేను ఆయన వేళ్లు చూస్తూనే ఉన్నాను. మైకుకూ మూతికీ మధ్య నాలుగు వేళ్లు పెట్టే మనిషి మూడు పెట్టాడు. తర్వాత రెండు. దగ్గరికి జరిగితే బొంగురొస్తుందని నాకు నేర్పినవాడే, ఉన్న గొంతును నిండుగా చూపడానికి మూతిని మైకుకు ఆనించే దాకా వచ్చాడు. బుగ్గలో లవంగాలు రెండయ్యాయి, మూడయ్యాయి. చాయ్ చల్లారబెట్టుకుని తాగేవాడు. చావు కబుర్లు చెప్పేటప్పుడు పేరుకు ముందు ఒక గుక్క కాస్తా మాటకొక గుక్కయింది. నేను ఇంటికొచ్చి మీటలు ఇంకాస్త తిప్పేదాన్ని. ప్రతివారం ఇంకాస్త ఎక్కువ తిప్పాల్సి వచ్చేది. విన్నవాళ్లు మాత్రం ఏం గొంతండీ అని రాసేవారు.

ఒక ఆదివారం ఆయన లోపల మొహం కడుక్కుంటుంటే చిన్నమ్మ గడప దాటి వచ్చి నా పక్కన కూర్చుంది.

"అన్నం మింగుతలేడు బిడ్డా. జావ తాగుతున్నడు. దవాఖానకు పోదామంటె మైకు ఖరాబైంది, గొంతు కాదంటడు. నువ్వన్న చెప్పరాదు? నీ మాట ఇంటడు."

 ఆయన వచ్చి కూర్చోగానే, ఆదివారాల వారీగా పేర్చిన ఆ ఆరు మాటలు, సాఫు చేయనివి, హెడ్‌ఫోన్‌లో పెట్టాను.  మైకు కొనడానికి వచ్చినవాళ్ల రికార్డింగు వినేటట్టే ఆయన కళ్లు మూసుకుని, తల కొంచెం ఎడమకు వంచి, చివరి దాకా విన్నాడు. హెడ్‌ఫోన్ తీసి, వైరు జాగ్రత్తగా చుట్టి బల్ల మీద పెట్టాడు.

"మైకు మంచిదే" అన్నాడు. 

హైదరాబాదు ఆసుపత్రికి నన్నూ రమ్మన్నారు. డాక్టరు ఎన్ని రోజుల నుంచి అని అడిగితే, "పదిహేను రోజులైతుండొచ్చు సార్" అన్నాడు. నా సంచిలో ఫోనుంది. అందులో ఆదివారాలన్నీ ఉన్నాయి. ఎన్ని నెలలో, ఏ వారం ఎంత ముదిరిందో అందులో ఉంది. ఫోను బయటికి తీయలేదు. పరీక్షలయ్యాక డాక్టరు కాగితాలు చూస్తూ, "ఇది పదిహేను రోజులది కాదు. మొదట్లోనే వచ్చి ఉంటే మాటా దక్కేది, మనిషికీ ఢోకా ఉండేది కాదు. ఇప్పుడు గొంతు తీసేయాలి, ఆ పైన చూడాలి" అన్నాడు. కాకా తలూపాడు, సరుకు వివరాలు వింటున్నట్టు.

చిన్నమ్మ మందుల చీటీ పట్టుకుని పోయింది. బయట బల్ల మీద మేమిద్దరం మిగిలాం. అప్పటికి ఆయనది గుసగుసే. దగ్గరికి వంగితే గానీ వినబడదు.

"నువ్వెప్పుడు ఇన్నవ్?"

"మూడో మైకుకు కాకా. ఇంటికాడ మా అత్తతోని మాట్లాడించి సూసిన. రెండు నెలలైంది. చెప్పలేదు." ఏడుపు వచ్చేసింది. "తప్పయింది. నాదే తప్పు."

ఎదురుగా ఉన్న గోడవైపు తిరిగాడు.

"నేను మొదటి మైకుకే ఇన్న" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "మరి మైకులెందుకు వాపసు పంపినవ్?"

"ఒక్కటన్న అబద్ధం చెప్తదేమోనని. మూడు తెప్పిచ్చిన. ఒక్కటి గూడ చెప్పలే." ఆగి, ఊపిరి తీసుకున్నాడు. "ఆఖరుకు నువ్వు చెప్పినవ్. సాఫు చేసి తెచ్చినవ్ గదా ముక్క, రోజు పొద్దుగాల గదే పెట్టుకోని ఇన్న. మంచిగనే ఉన్న గద, దవాఖాన ఎందుకనుకున్న."

ఆ మాట కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. నా చేతిని తీసుకుని తట్టాడు. నేను మాత్రం ఆ రెండు నెలలను ఇప్పటికీ ఎక్కడా పెట్టుకోలేకపోతున్నాను. ఆయనకు మూడు మైకులు నిజం చెప్పాయి, నేను చెప్పిన అబద్ధం ఆయన నమ్మాడు. నమ్మాలనుకున్నాడు కాబట్టే నమ్మాడని మావాళ్లు సర్దిచెబుతారు. అయినా దాన్ని ఆయన చేతిలో పెట్టింది నేను.

గొంతు తీసేశాక ఐదు నెలలు బతికాడు. దుకాణానికి వచ్చి కూర్చునేవాడు. ఎవరైనా మైకు కోసం వస్తే మూడు పెట్టి, గోడవైపు వేలు చూపించేవాడు. నాలుగు వేళ్లు అడ్డం పెట్టేవాడు. చావు కబుర్లకు వేరే ఊరి నుంచి ఎవరివో గొంతులు వచ్చాయి. అవి పేరుకు ముందు ఆగవు, నీళ్లు తాగవు.

ఆయన పోయిన రోజు పొద్దున నేను వెళ్లేసరికి ఇంటి ముందు హారన్ కట్టిన ఆటో ఆగి ఉంది. కబురు ఎవరితో చెప్పించాలో తెలియక నలుగురూ నిలబడ్డారు. చిన్నమ్మ ఏడవడం లేదు. ఒక మూల గోడకు ఆనుకుని, నన్ను చూసి, "నువ్వు చెప్పు బిడ్డా" అంది.

దుకాణంలో ఆ మూడో మైకే ఉంది, పేరు మీద టేపుతో. నాలుగు వేళ్లు కొలిచి కూర్చున్నాను. ఒక గుక్క నీళ్లు తాగాను. ఆయన పేరు చెప్పాను, కాలం చేశారన్నాను, అంతిమయాత్ర ఎన్ని గంటలకో చెప్పాను. మైకు ఆపబోయి, ఆపలేకపోయాను. పుట్నాలు, పల్లీలు, పెసర్లు. సున్నం, సీసా దగ్గర నా గొంతు చీలింది. శనిగలు అనేసరికి మాటే లేదు, గరగర ఒక్కటే మిగిలింది.

మళ్లీ చెప్పలేదు. మీట ఒక్కటీ తిప్పలేదు. రికార్డయింది ఉన్నదున్నట్టు ఆ హారన్ ఆటో ఆయనకు ఇచ్చేశాను. చివరి ముక్క కోయాలన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తే లేదు.

ఆటో బయల్దేరి సందు మలుపు దాకా పోయింది. ఆయన పేరు, సమయం వినబడ్డాయి. వెనకే ఆ ఆరు మాటలూ, నా గరగరతో సహా, హారన్‌లోంచి ఊరి మీద పడ్డాయి. అప్పటిదాకా కన్నీటి చుక్క రాల్చని చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "మల్ల మైకు వాపసు పంపుతడు" అని భోరుమంది.